సంగడి అనే పడవమాట

(తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

భాషా దినోత్సవం అనగానే భాష మొత్తం గురించి మాట్లాడటం మనకు అలవాటు. నేను మాత్రం ఇవాళ ఒక్క మాట గురించే చెప్తాను. ఆ మాట "సంగడి". ఎవరైనా విన్నారా? మూడో వరసలో మాస్టారు "స్నేహం" అంటున్నారు. సరిగ్గా చెప్పారండీ. పక్కనున్న అమ్మ "దగ్గర" అంటున్నారు. అదీ నిజమే.

సంగడి అంటే దగ్గర, పక్క. సంగడి అంటే స్నేహం. అందుకే పాత కావ్యాల్లో స్నేహితుణ్ణి సంగడీడు అన్నారు, సంగడికాడు అన్నారు. సంగడి అంటే జత కూడా. ఇవి చెప్పాక నిఘంటువు ఇంకో అర్థం చెప్తుంది. అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ. రెండు దోనెలను పక్కపక్కన చేర్చి కట్టిన పడవ. అది కూడా సంగడే. నేను మాట్లాడబోయేది ఈ పడవ గురించి. రాయలసీమ మిత్రులు రాగి సంగటి అనుకుంటారేమో, ఆ మాట వేరు, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

పడవ ఎలా ఉంటుందో ముందు చూద్దాం. వస్తువు కళ్ల ముందు కనబడకపోతే మాట గురించి ఎంత చెప్పినా గాలిలో మాటే అవుతుంది.

కొల్లేరు వైపు వెళ్లినవాళ్లు తాటిదోనె చూసే ఉంటారు. బాగా ముదిరిన తాటిచెట్టును చూసి పడగొడతారు. తాటిమానుకు పైన ఇనుములాంటి చేవ ఉంటుంది, లోపల అంతా పీచు పీచుగా మెత్తగా ఉంటుంది. మానును పొడుగునా ఒకవైపు చెక్కేసి, ఆ మెత్తటిదంతా తొలిచి తీసేస్తే గట్టి చిప్ప మిగులుతుంది. చెట్టు మొదట్లో, వేళ్ల దగ్గర, మాను ఉబ్బి ఉంటుంది కదా? ఆ ఉబ్బు దోనెకి ముక్కు. రెండో కొస సన్నగా ఉంటుంది, తొలిచినప్పుడు తెరుచుకుంటుంది. దాన్ని బంకమట్టి పెట్టి దట్టించి మూసేస్తారు. మేకు లేదు, పలక లేదు, అతుకు లేదు. ఒక చెట్టు, ఒక మట్టి ముద్ద. అంతే పడవ.

దీనితో ఒక్కటే చిక్కు. తాటిమాను గుండ్రం. గుండ్రటి వస్తువు నీళ్లలో దొర్లుతుంది. తాటిదోనెలో మొదటిసారి ఎక్కినవాడు కూర్చున్న చోటే కూర్చుని ఊపిరి బిగబట్టుకుంటాడు. కొంచెం పక్కకు వాలాడా, నీళ్లలో ఉంటాడు. చిన్నప్పట్నుంచీ అలవాటైన కొల్లేటి మనిషి అందులోనే నిలబడి గడ వేస్తాడు, వల విసురుతాడు, అది వేరే సంగతి. కానీ ఆ మనిషి కూడా అందులో నాలుగు ధాన్యం బస్తాలు, ఒక ముసలావిడ, ఒక మేక వేసుకుని ఏరు దాటాలంటే? కుదరదు.

అప్పుడు ఏం చేస్తాడు? రెండో దోనె తెచ్చి పక్కన పెడతాడు. రెండింటికీ అడ్డంగా ముందొక కర్ర, వెనకొక కర్ర వేసి మోకుతో బిగించి కడతాడు. ఆ కర్రల మీద వెదురు తడక గానీ పలకలు గానీ పరుస్తాడు. ఇప్పుడది ఒరగాలంటే ఒక దోనె మొత్తం నీళ్లలోంచి లేవాలి, ఇంకోటి మొత్తం మునగాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి కాబట్టి అది అంత తేలిగ్గా జరగదు. రెండింటి మధ్య దూరం పెంచేకొద్దీ ఒరగడం ఇంకా కష్టం. ఇదే సూత్రం ఇవాళ పెద్ద పెద్ద ఓడల డిజైన్లలో లెక్కలు కట్టి చెప్తారు. పేరు తెలియని ఏ జాలరో దీన్ని ఒక తాడు ముక్కతో తేల్చేశాడు.

మన భాషలో ఒక సామెతలాంటి మాట ఉంది, "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు" అని. విడివిడి పడవలైతే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సంగడి మీద మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టే నిలబడాలి. కట్టు గట్టిగా ఉంటే చాలు.

ఇది ఏరుల్లో, చెరువుల్లో, కాలవల్లో, ఉప్పుటేళ్లలో నడిచే పడవ. సముద్రంలో అల విరిగే చోట దీన్ని వాడరు. ఎందుకంటే ఒక దోనెను అల ఎత్తుతున్న క్షణంలోనే రెండోదాన్ని పల్లంలోకి తోస్తుంది. ఆ మెలిక అంతా అడ్డకర్రల మీద పడుతుంది, అవి ఫట్టున విరుగుతాయి. అందుకే మన తీరంలో అలల్లోకి వెళ్లడానికి తెప్ప ఉంది, కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవ ఉండేది. మద్రాసులో హార్బరు కట్టకముందు దొరలూ, దొరసానులూ, వాళ్ల పెట్టెలూ ఓడ నుంచి ఒడ్డుకు చేరింది ఆ కుట్టుపడవల్లోనే. మసూలా కథ ఇంకో సాయంత్రం చెప్పుకోవాలి.

సరే, మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? సంస్కృతంలో సంఘాటం అంటే కలిపి కట్టినది, చేర్చినది. పాళీలో నావాసంఘాటం, దారుసంఘాటం అనే మాటలు తెప్పకు వాడారు. మరాఠీలో రెండు దోనెల జతను సాంగడ అంటారు. సింహళంలో అంగుల. మలయాళంలో చంగాడం. తుళులో జంగాల. తెలుగులో సంగడి. ఇన్ని భాషల వాళ్లు ఒకే వస్తువుకు ఒకే మాటను తమ తమ నోళ్లకు తగ్గట్టు మలుచుకున్నారు. పండితులు ఎక్కువమంది సంస్కృతం నుంచే అంటారు. నా మట్టుకు నాకు మాట పుట్టిన ఇంటికన్నా అది తిరిగిన ఊళ్లు ముఖ్యం. పడవ మాటలు రేవు నుంచి రేవుకి పడవలోనే ప్రయాణిస్తాయి. ఏది అమ్మ, ఏది బిడ్డ అని గీత గీయడం చాలాసార్లు కుదరదు.

మలయాళం సంగతి మీరు గమనించాలి. చంగాడం అంటే తెప్ప. చంగాతి అంటే స్నేహితుడు. చంగాత్తం అంటే స్నేహం. మన సంగడి, సంగడీడు ఎలాగో వాళ్ల చంగాడం, చంగాతి అలాగే. కృష్ణా గోదావరుల దగ్గర కూర్చున్నవాళ్లూ, పెరియార్ ఒడ్డున కూర్చున్నవాళ్లూ పడవకీ స్నేహితుడికీ ఒకే కుదురు మాట పెట్టుకున్నారు.

మలబారులో ఈ మాటకు ఇంకో బరువైన వాడుక కూడా ఉండేది. నాయర్ల ప్రాంతంలో ప్రయాణం చేసే వర్తకుడికి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తోడుగా వచ్చే మనిషి ఉండేవాడు. వెంట ఉన్నవాడికి ఏదైనా అయితే తన ప్రాణం పెట్టేస్తానని పూచీ పడేవాడు. ఆ తోడు మనిషిని కూడా చంగాడం అనే అనేవాళ్లు. పోర్చుగీసువాళ్లు దాన్ని జంగాడా అని రాసుకున్నారు. నీళ్ల మీద మునగనివ్వనిదీ అదే మాట, దారిలో చావనివ్వనివాడూ అదే మాట.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. సుమారు రెండు వేల ఏళ్లు వెనక్కి.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి మన తీరాలకు వ్యాపారానికి వచ్చిపోయే నావికుల కోసం గ్రీకులో ఒక గైడులాంటిది రాశారు. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. దాన్ని ఎర్రసముద్రపు పెరిప్లస్ అంటారు. ఏ రేవు ఎక్కడుంది, అక్కడ ఏం దొరుకుతుంది, ఏం అమ్మొచ్చు, ఎక్కడ ఇసుక మేటలున్నాయి, అన్నీ పొడిపొడిగా, వర్తకుడి భాషలో రాసిన పుస్తకం. అందులో మన మసాలియా ఉంది, మన బందరు ప్రాంతమని చరిత్రకారులు చెప్పే చోటు. అక్కడ నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. దానికి కొంచెం ముందు తూర్పుతీరపు రేవులు మూడు చెప్పాడు: కమర, పొదుకె, సోపత్మ. ఆ రేవుల్లో మూడు రకాల పడవలు కనబడతాయన్నాడు. ఒడ్డు వెంబడి తమిళదేశం దాకా వెళ్లే స్థానిక పడవలు ఒక రకం. గంగకూ, సువర్ణభూమికీ వెళ్లే మహా పెద్ద ఓడలు ఒక రకం, వాటి పేరు కొలాండియా. మధ్యలో ఇంకోటి: ఒకే మానుతో తొలిచిన చాలా పెద్ద పడవలను కాడివేసి కలిపి కట్టినవి. వాటి పేరు సంగర అని రాశాడు.

కాడి అన్నది నా మాట కాదు, గ్రీకులో ఉన్నది ఎద్దులకు కాడి కట్టడానికి వాడే క్రియే. ఒంటి మాను, తొలిచిన దోనె, కాడి. ఇందాక నేను చెప్పిన తాటిదోనెల జత పక్కన దీన్ని పెట్టి చూడండి. ఈ సంగర మన సంగడి, చంగాడాల చుట్టమేనని పెరిప్లస్‌కు వ్యాఖ్య రాసినవాళ్లు చాలామంది అన్నారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. లాసెన్ అనే జర్మన్ పండితుడు ఇది మలయ్ మాటేమో అన్నాడు. నాకు మాత్రం మొదటి మాటే సబబుగా తోస్తుంది. పేరు కలిసింది, వస్తువు కలిసింది, చోటు కలిసింది. ఒక్క అనుమానం మిగులుతుంది. సంగడి అలల్లో నిలవదని నేనే చెప్పాను కదా, మరి రేవులో "చాలా పెద్ద" సంగర ఏం చేస్తోంది? రేవు అంటే చాలాచోట్ల ఏటిమొగే కదండీ. లోపల ప్రశాంతంగా ఉండే నీళ్లలో ఓడ నుంచి ఒడ్డుకూ, ఒడ్డు నుంచి ఓడకూ సరుకు మోయడానికి అంతకన్నా అనువైన పడవ ఇంకోటి లేదు. ఇది నా ఊహ. ఊహగానే తీసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది, మీరు పాఠ్యపుస్తకాల్లో చూసే ఉంటారు. రెండు కనబడగానే దాన్ని సంగడి అనుకోకూడదు. ఆ రెండూ తెరచాప కొయ్యలు. అది సముద్రాలు దాటే ఓడ. సంగడి ఆ ఓడకు ఒడ్డున సాయం చేసే పేద చుట్టం. నాణెం మీద రాజులు ఓడనే వేయించుకున్నారు. సంగడిని ఎవరూ వేయించుకోలేదు.

ఇక అసలు ప్రయాణానికి వద్దాం. ఈ మాట మహాసముద్రం దాటిన కథ ఇది. దీని కోసమే నేను ఈ మాటను ఎంచుకున్నాను.

1500వ సంవత్సరం మార్చిలో పెద్రో ఆల్వరెస్ కబ్రాల్ నాయకత్వంలో 13 ఓడలు లిస్బన్ నుంచి బయల్దేరాయి. వెళ్లాల్సింది కాలికట్. దారిలో అట్లాంటిక్‌లో బాగా పడమటికి జరిగి, ఏప్రిల్ 22న వాళ్లు ఒక కొత్త తీరం చూశారు. అదే ఇవాళ్టి బ్రెజిల్. ఆ నౌకాదళంలో పెరు వాజ్ ద కమీన్యా అనే రాయసగాడు ఉన్నాడు. అక్కడ చూసినవన్నీ తన రాజుకు ఉత్తరంగా రాశాడు. ఆ ఉత్తరంలో అక్కడి మనుషుల పడవల గురించి ఒక వాక్యం ఉంది. ఇవి నేను ఇదివరకు చూసిన పడవల్లాంటివి కావు, మూడు దూలాలు కలిపి కట్టారు, అంతే, అన్నాడు. వాటికి అతని దగ్గర సరైన పేరు లేదు. ఆఫ్రికా తీరపు పడవల పేరే పెట్టి రాశాడు.

అవే ఓడలు, తుఫాన్లలో కొన్ని పోగా మిగిలినవి, సెప్టెంబరులో కాలికట్ చేరాయి. అక్కడి నీళ్ల మీద చంగాడాలు ఉన్నాయి. ఆ డిసెంబరులో కాలికట్‌లో పోర్చుగీసు కోఠీ మీద జరిగిన దాడిలో కమీన్యా చనిపోయాడని చరిత్రకారులు చెప్తారు. వస్తువును బ్రెజిల్‌లో చూసిన మనిషి, దానికి తగిన పేరున్న ఊళ్లోనే కన్నుమూశాడు. ఆ పేరు అతని చెవిన పడిందో లేదో మనకు తెలిసే దారి లేదు. కానీ అతని వెనక వచ్చిన పోర్చుగీసువాళ్లు విన్నారు. చంగాడం వాళ్ల నోట జంగాడా అయింది. కేరళలో నేర్చుకున్న ఆ మాటను పట్టుకెళ్లి బ్రెజిల్ తీరంలోని దుంగల తెప్పకు పెట్టేశారు. ఇది నేను కల్పిస్తున్నది కాదు. గోవాలో పుట్టిన దల్గాదో అనే మహా భాషావేత్త పోర్చుగీసులో కలిసిన ఆసియా మాటలకు రెండు సంపుటాల నిఘంటువు చేశాడు, 1919లో ఒకటి, 1921లో ఒకటి. జంగాడా మలయాళం నుంచే వచ్చిందని అందులో తేల్చాడు.

బ్రెజిల్ ఈశాన్య తీరంలో ఇవాళ్టికీ జంగాడా ఉంది. తేలికైన కొయ్య దుంగలు, మామూలుగా ఆరు, పక్కపక్కన చేర్చి, అడ్డంగా కొయ్య సీలలు దింపి బిగించేవాళ్లు. ఇనుప మేకు ఉండదు. ఒక మూడు కోణాల తెరచాప. వెనక ఒక పెద్ద తెడ్డు. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయి, అట్నుంచటే పోతాయి. కాబట్టి మనిషి ఎప్పుడూ తడుస్తూనే ఉంటాడు, పడవ మాత్రం మునగదు. తర్వాత కాలంలో దుంగలు దొరక్క పలకలతో చేయడం మొదలెట్టారు. పేరు మారలేదు. దాన్ని నడిపేవాణ్ణి జంగదేయిరో అంటారు. మనం తెలుగు చేస్తే సంగడికాడు.

ఆ సంగడికాళ్లు చేసిన ఒక పని చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి.

బ్రెజిల్‌లో సెయరా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని ఫోర్తలేజా. అక్కడ తీరం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మన మద్రాసులో లాగే మనుషులనూ సరుకునూ ఒడ్డు నుంచి ఓడకు చిన్న పడవల్లో చేర్చాలి. అక్కడ ఆ పని చేసేది జంగాడాలు. 1877 నుంచి 1879 దాకా సెయరాలో భయంకరమైన కరువు వచ్చింది. చేతిలో డబ్బు ఆడని యజమానులు తమ బానిసలను దక్షిణాది కాఫీ తోటలకు అమ్మేయడం మొదలుపెట్టారు. భార్య ఒక చోటికి, భర్త ఒక చోటికి, పిల్లలు ఇంకో చోటికి. వాళ్లను ఓడ ఎక్కించాలంటే జంగాడా మీదే తీసుకెళ్లాలి. వేరే దారి లేదు.

1881 జనవరి చివర్లో ఆ జంగాడావాళ్లు తెడ్లు కింద పెట్టేశారు. సెయరా రేవులో ఇక బానిసలు ఓడ ఎక్కరు, అన్నారు. ఓడ అక్కడే ఉంది, కొన్నవాళ్లు ఒడ్డున ఉన్నారు, అమ్మినవాళ్లు పక్కనే ఉన్నారు. మధ్యలో ఉన్న ఆ కొద్దిపాటి నీళ్లు దాటించేవాడు లేడు. వాళ్లకు ముందు నిలబడినవాళ్లలో జోసే లూయిస్ నపోలియావ్ అనే విముక్తుడైన బానిస ఒకరు, ఫ్రాన్సిస్కో జోసే దో నాసిమెంతో అనే రేవు పైలట్ ఇంకొకరు. నాసిమెంతోకి రెండు జంగాడాలుండేవి, రేవులో సర్కారు కొలువు ఉండేది. ఆ కొలువు పోయింది. ఆయన లెక్కచేయలేదు. ఆ ఏడాది ఆగస్టులో మళ్లీ బానిసలను ఎక్కించాలని చూశారు, మళ్లీ జంగాడాలు కదల్లేదు.

1884 మార్చి 25న సెయరాలో బానిసత్వం రద్దయింది. బ్రెజిల్ మొత్తంలో రద్దయింది 1888 మే 13న. అంటే దేశం కన్నా నాలుగేళ్లు ముందు. ఒక్క పడవవాళ్ల వల్లే జరిగిందని నేను అనను, అక్కడ పెద్ద ఉద్యమమే నడిచింది. కానీ అమ్మకం ఆగింది ఒడ్డు దగ్గర, ఆపింది పడవవాళ్లు. నాసిమెంతోకి సముద్రపు డ్రాగన్ అని పేరొచ్చింది. ఆయన జంగాడాను ఓడలో రియో నగరానికి తీసుకెళ్లి ఊరేగించారు. దాని పేరు లిబర్దాద్, స్వేచ్ఛ.

అరవై ఏళ్ల తర్వాత అదే ఫోర్తలేజా నుంచి నలుగురు జాలర్లు జంగాడా ఎక్కారు. 1941 సెప్టెంబరు. వాళ్ల నాయకుడు జకారే. పడవ తనది కానివాడు పట్టిన చేపలో సగం పడవ యజమానికి ఇవ్వాలి, ముసలితనంలో పెన్షన్ లేదు, చచ్చిపోతే ఇంటివాళ్లకు దిక్కులేదు. ఇది ప్రెసిడెంటుకు స్వయంగా చెప్పాలని బయల్దేరారు. దిక్సూచి లేదు. ఒడ్డు వెంట 61 రోజులు, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి నవంబరు 15న రియో చేరారు. ప్రెసిడెంటు వర్గాస్ వాళ్లను పిలిచి మాట్లాడాడు, జాలర్లకు సామాజిక భద్రత వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి ఏడాది, 1942 మేలో, ఆ ప్రయాణాన్ని సినిమాగా తీస్తుండగా, రియో దగ్గరే అల కొట్టి జంగాడా తిరగబడింది. జకారే శవం కూడా దొరకలేదు. అన్ని వందల మైళ్లు క్షేమంగా వచ్చినవాడు షూటింగులో పోయాడు. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు మనసు చేదవుతుంది.

ఇవన్నీ మన పడవ మాట మోసిన చరిత్ర. అక్కడి జాలరికి సంగడి తెలియదు, ఇక్కడి కొల్లేటి మనిషికి జంగాడా తెలియదు. ఇద్దరి నోటా ఉన్నది ఒకటే కుదురు.

మాట తిరిగి ఇంటికి కూడా వచ్చింది. కేరళలో కార్లు, లారీలు ఎక్కించుకుని బ్యాక్‌వాటర్లు దాటించే పడవను జంకార్ అంటారు. చంగాడం పోర్చుగీసు నోట జంగాడా అయి, మళ్లీ మలయాళంలోకి జంకార్ అయి వచ్చింది. తాతా మనవడూ ఒకే ఇంట్లో ఉన్నట్టు చంగాడం, జంకార్ ఇప్పుడు ఒకే భాషలో ఉన్నాయి.

మన దగ్గర ఏమైంది? వస్తువు ఉంది, పేరు మారింది. కృష్ణ మీద పల్నాడు వైపు మాదిపాడు నుంచి అవతల ముక్త్యాలకు బల్లకట్టు నడవడం మీలో కొందరికి తెలుసు. నరసాపురం దగ్గర గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లేవాళ్లు పంటు ఎక్కుతారు. బల్లకట్టు అంటే బల్లలు పరిచి కట్టినది, అచ్చ తెలుగు, చక్కటి మాట. పంటు ఇంగ్లీషు నుంచి వచ్చింది. రెండు పడవలను జతచేసి పైన పలకలు పరిచి, వాటి మీద బండ్లూ, మనుషులూ, గడ్డిమోపులూ ఎక్కించడం పాత పద్ధతి. ఇప్పుడు ఇనుప తొట్లు, ఇంజన్లు వచ్చాయి. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటాం కానీ, బళ్లను ఓడెక్కించిన పడవ ఇదే. సంగడి అనే పేరు మాత్రం అక్కడ వినబడదు.

ఇంకో తమాషా జరిగింది. కట్టుమరం అనే తమిళ మాట ఇంగ్లీషులోకి కాటమరాన్‌గా వెళ్లింది. 1697లో అచ్చయిన పుస్తకంలో డాంపియర్ అనే నావికుడు కోరమండల్ తీరంలో వీటిని కాటమరాన్ అంటారని రాశాడు. అక్కడిదాకా బాగానే ఉంది, కట్టుమరం అంటే దుంగలు కట్టిన తెప్పే. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ మాటను రెండు పొట్టలున్న పడవకు వాడేశారు. 1876లో హెరెషాఫ్ అనే అమెరికన్ అమరిల్లిస్ అనే రెండు పొట్టల పడవ కట్టి న్యూయార్క్ పందెంలో మిగతా పడవలన్నిటినీ వెనక్కి నెట్టేశాడు. ఇదసలు పడవే కాదని మిగతావాళ్లు గొడవ చేస్తే పందెం నుంచి తీసేశారు. ఇవాళ ప్రపంచమంతా కాటమరాన్ అంటే రెండు పొట్టల పడవే. ఆ ఆకారానికి మన తీరాల్లో పేరు కట్టుమరం కాదు, సంగడి.

కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మన పేపర్లలో, టీవీల్లో "కాటమరాన్ బోటు" అని రాసే చోట సంగడి అని రాయొచ్చు. కొత్తగా మాట పుట్టించే శ్రమ లేదు, అర్థం వివరించే టెన్షన్ లేదు, ఫొటో పక్కన పేరు వేస్తే చాలు, చదివేవాడికి తెలిసిపోతుంది. "రెండు పడవలను సంగడి కట్టి దాటించారు" అని వరదల వార్తలో రాయొచ్చు. వరదలప్పుడు మనవాళ్లు ఇప్పటికీ చేసే పనే అది. రెండు పడవలు చేర్చి కట్టి, మంచం పరిచి, బాలింతను దాటిస్తారు. పని చేస్తున్నాం, పేరు ఒక్కటి మర్చిపోయాం.

చివరగా ఒక పని అప్పగిస్తాను. సంగడి అనే పేరు నిఘంటువులో భద్రంగానే ఉంది. దాని భాగాల పేర్లు చాలా ఏ నిఘంటువులోనూ లేవు. తాటిదోనె కొసకు దట్టించే ఆ మట్టిమూతను ఏమంటారు? రెండు దోనెల మధ్య వేసే అడ్డకర్రను ఏమంటారు? మోకును బిగించే ఆ ముడికి ఏదో పేరుంటుంది, ఏమిటది? దోనెలో చేరిన నీళ్లు తోడే చిప్పకు ఏ పేరు? కొల్లేరు లంకల్లో, కోనసీమలో, పాపికొండల వైపు, పులికాట్ దగ్గర మీకు తెలిసిన జాలరి కుటుంబాలు ఉంటే, వాళ్లలో డెబ్బై దాటినవాళ్లను అడగండి. వాళ్లు పలికినట్టే రాయండి, సరిదిద్దకండి. ఏ ఊరు, ఏ పడవ, ఆ భాగం బొమ్మ గీస్తే ఇంకా మంచిది. మాట చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని, కాగితం ఈ లైబ్రరీ కౌంటరులో ఇవ్వండి. ఫోనులో గొంతు రికార్డు చేసి ఇచ్చినా సరే, విని రాసుకోవడానికి విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు.

ఇంకా పది నిమిషాలు సమయం ఉందని అధ్యక్షులవారు చెప్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ఇందాక చెయ్యెత్తిన మాస్టారితో మొదలుపెడదాం.